నలభై ఒకటో ఛార్జింగ్

ఉదయం తొమ్మిదీ పదికి, ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో, పిన్నిని మొదటి ప్రశ్న అడిగాను.

"మంగళవారం మాస్టారు ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు?"

"ఎనిమిదీ నలభైకి. నీకు తెలీనట్టు అడుగుతావేంటే? ఆయన గుమ్మం దాటాక ఎదురింటివాళ్ళు గడియారం సరిచేసుకునేవాళ్ళు కదా."

పిన్ని నాకు చుట్టం కాదు. మాస్టారి భార్య. ముప్పై అయిదేళ్ళ క్రితం, నాకు పదహారేళ్ళప్పుడు, మాస్టారి రేడియో రిపేరు షాపులో పని నేర్చుకోవడానికి చేరాను. ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. ఇప్పుడు నేను అగ్నిప్రమాదాల కేసులు చూసే ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఏ వస్తువు ఎందుకు తగలబడిందో తేల్చడం నా వృత్తి. ఆ చదువుకి ఓనమాలు దిద్దుకున్నది మాత్రం ఆ షాపులోనే.

అద్దం తలుపు అవతల మాస్టారు మత్తులో ఉన్నారు. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. ఆ వేళ్ళు నిలుస్తాయో లేదో వారం గడిస్తేగాని చెప్పలేమన్నారు డాక్టర్లు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. సన్నటి వైరు ముక్కని చీకట్లో కూడా తడిమి ఏ రంగుదో చెప్పేస్తారని మేం అనుకునేవాళ్ళం. అది నిజం కాదని తెలిసినా అలాగే చెప్పుకునేవాళ్ళం.

మంగళవారం పదకొండూ నలభై ఎనిమిదికి షాపులో ఛార్జింగ్ పెట్టిన సెల్‌ఫోను పేలింది. సాయంత్రానికల్లా ఆ ఫోను తయారుచేసిన కంపెనీ ఇంజనీరు వచ్చి చూసి వెళ్ళాడు. రెండు రోజుల్లో రిపోర్టు ఇచ్చాడు. ఫోనులో డూప్లికేటు బ్యాటరీ వేశారనీ, స్పాంజి మీద పెట్టి ఛార్జింగ్ పెట్టారనీ, దాన్ని వదిలేసి లోపలికి వెళ్ళిపోయారనీ అందులో ఉంది. దాని ఆధారంగా మాస్టారి మీద కేసు పెట్టారు.

రిపోర్టు కింద సంతకం చూసి పిన్ని మొదట నమ్మలేదట. ఆ ఇంజనీరు కూడా మాస్టారి శిష్యుడే. ఆరేళ్ళూ నా పక్క స్టూలు వాడిదే. మాస్టారు నాకు 'తొందర' అని పేరు పెట్టారు, వాడికి 'కొలత' అని. నేను స్క్రూలన్నీ విప్పి కుప్ప పోసేదాన్ని. వాడు ఒక్కో స్క్రూ విప్పి, కాగితం మీద బొమ్మ గీసి, దాని పక్కన పెట్టేవాడు.

"పిన్నీ, ఈమధ్య ఆయన కొత్తగా ఏదైనా పని మొదలుపెట్టారా?"

"పదిరోజులుగా ఏదో లెక్కలో పడ్డారు. సాయంత్రం వస్తూనే జేబులోంచి చిత్తు కాగితాలు తీసి పుస్తకంలోకి ఎక్కించుకోవడమే. భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చేది." సంచీలోంచి అట్ట వేసిన నోటు పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. "పోలీసులు అడగలేదు. నేనివ్వలేదు."

"సోమవారం ఏమైనా అన్నారా?"

"అన్నారు. 'రేపు వాడికి చెప్పేస్తాను, ఇంక చాలు' అన్నారు."

"వాడంటే?"

పిన్ని అద్దంలోంచి మంచం వైపు చూసింది. "ఆయన ఎవర్నీ వాడు, వీడు అనరు కదే. సొంత మనుషుల్నే అంటారు. అడుగుదామనుకునేలోపే నిద్రపోయారు."

పుస్తకం తెరిచాను. అదే గుండ్రటి చేతిరాత. తేదీ, నిమిషం, వేడి ఎన్ని డిగ్రీలు. పేజీకి రెండు వరుసలు. ఒకదానిపైన 'కొ-1', రెండోదానిపైన 'కొ-2'. రోజుకి నాలుగుసార్లు చొప్పున పదిరోజులు. అంటే ఒక్కో ఫోనుని నలభైసార్లు ఛార్జింగ్ పెట్టి, ప్రతిసారీ వేడి కొలిచారు. పన్నెండో నిమిషం దగ్గర అంకె కింద గీత గీశారు.

కొ-1కి మొదటిరోజూ ముప్పై ఎనిమిదే, పదోరోజూ ముప్పై ఎనిమిదే. కొ-2కి మొదటిరోజు నలభై మూడు. అయిదోరోజు నలభై ఆరు. పదోరోజు యాభై ఒకటి. దాని పక్కన చిన్న అక్షరాలతో, "ఫోను తనకు తాను చూపించుకునేది 41. వీపు మధ్యలో వైరు అంటించి కొలిస్తే 51."

నిటారుగా కూర్చున్నాను. సంగతేమిటంటే, బ్యాటరీలోకి కరెంటుని ఎంత వేగంగా తోస్తే అంత వేడి పుడుతుంది. అందుకే ఫోనులో బ్యాటరీ పక్కన ఆవగింజంత సెన్సరు ఉంటుంది. వేడి పెట్టిన హద్దు దాటబోతే అది ఛార్జింగ్‌ని నెమ్మదింపజేస్తుంది. ఈ కొ-2లో ఆ సెన్సరుకి నిజం తెలియడం లేదు. వేడెక్కుతున్నది బ్యాటరీ మధ్యలో, సెన్సరు ఉన్నది అంచున.

"ఆయన తప్పేం లేదు కదే?" అంది పిన్ని.

"షాపు చూసొచ్చి చెప్తాను."

*

పది గంటల అయిదు నిమిషాలకి షాపు ముందు ఆటో దిగాను. పోలీసు అనుమతి కాగితం జేబులో ఉంది. షట్టర్ ఎత్తే ముందు పక్క షాపు టైలరుని పలకరించాను. మాస్టారిని బయటికి లాగింది అతనే. రెండు షాపుల మధ్య ఉన్నది ఒక చెక్క పలక మాత్రమే. దానికి అవతల అతని గుడ్డల బేళ్ళు.

"పదకొండున్నరకి టీ తాగి గ్లాసు నా బల్ల మీదే పెట్టి వెళ్ళారక్కా. ఇంకో పది నిమిషాలకి లోపలి గదిలో ల్యాండ్‌లైను మోగింది. ఆయనకి ఎడమ చెవి పనిచెయ్యదు కదా, సెల్లులో సరిగా వినబడదు. అందుకే ఆ పాత ఫోను తీయించలేదు."

"ఏం మాట్లాడారో వినబడిందా?"

"గట్టిగా మాట్లాడతారు కదా. 'నాలుగు నిమిషాలాగరా, చూసొచ్చి చెప్తాను' అన్నారు. మళ్ళీ అదే మాట అన్నారు. అవతలివాళ్ళు వదిల్లేదు. తర్వాత ఠప్‌మని చప్పుడు, పొగ."

"చేతులెలా కాలాయి? లోపలి గదిలో ఉన్నారు కదా?"

టైలరు కత్తెర కింద పెట్టాడు. "పరిగెత్తుకొచ్చి ఆ మండే ఫోన్ని చేతుల్తో పట్టుకుని వీధిలోకి విసరబోయారు. ఈ చెక్క అంటుకుంటే నా షాపు పోతుందని. రెండడుగులు వేసి పడిపోయారు."

షట్టర్ ఎత్తాను. మసి వాసన కింద ఇంకో వాసన ఉంది. టంకం పెట్టేటప్పుడు లేచే తియ్యటి జిగురు పొగ. అన్నేళ్ళ పొగ గోడల్లోకి ఇంకిపోయి, ఇప్పుడు వేడికి మళ్ళీ బయటికి వచ్చినట్టుంది. కాసేపు డిటెక్టివ్ పని మర్చిపోయాను. మధ్యాహ్నాలు మాస్టారు పేపరు మొహం మీద కప్పుకుని పది నిమిషాలు కునుకు తీసేవారు. అప్పుడు కొలతా నేనూ రిపేరైన రేడియోలన్నీ ఒక్కసారిగా సన్నగా పెట్టేవాళ్ళం. నాలుగు స్టేషన్లు, నాలుగు పాటలు. మాస్టారు పేపరు కిందనుంచే, "మూడోది గురగురమంటోంది, విప్పండి" అనేవారు.

రేడియో పూర్తిగా తయారైందని చెప్తే ఆయన అడిగేది ఒకటే. "చేత్తో చూశావా?" గంటసేపు ఆడించి, దాని వెనక వేళ్ళ వెలుపలివైపు ఆనించి, పది లెక్కపెట్టాలి. పది దాకా ఆనించి ఉంచలేకపోతే ఆ రేడియో బయటికి వెళ్ళకూడదు.

పని మొదలుపెట్టాను.

బెంచీ మీద స్పాంజి లేదు. స్పాంజి కరిగితే మిగిలే జిడ్డు కూడా లేదు. రెండుగా పగిలిన పింగాణీ పలక ఉంది. దాని పక్కన కొ-1 చెక్కుచెదరకుండా ఉంది. కొ-2 అస్థిపంజరం నేల మీద, గుమ్మానికి రెండడుగుల దూరంలో పడి ఉంది. భూతద్దం పెట్టి చూశాను. వెనక వైపు మధ్యలో మసి అంటని చిన్న చతురస్రం. అక్కడ వేడి కొలిచే వైరుని టేపుతో అంటించారు. బ్యాటరీ కొసన మూడు లోహపు పట్టీల ముక్కలు మిగిలాయి. డూప్లికేటు బ్యాటరీకి రెండే ఉంటాయి. మూడోది సెన్సరుది.

ఛార్జరుకీ ఫోనుకీ మధ్య మాస్టారు పెట్టిన అగ్గిపెట్టెంత మీటరు గోడ వారకి ఎగిరిపడింది. రేకు డబ్బా కాబట్టి బతికింది. నా దగ్గరున్న పవర్ బ్యాంకుకి తగిలించాను. చివరిసారి నడిచింది పదిహేడు నిమిషాలని చూపించింది.

పదకొండూ నలభై ఎనిమిదిలోంచి పదిహేడు తీశాను. పదకొండూ ముప్పై ఒకటి. టీ తాగి వచ్చి ఛార్జింగ్ పెట్టారు. నలభై ఒకటోసారి. పన్నెండో నిమిషం పదకొండూ నలభై మూడు. ఆ నిమిషానికి మాస్టారు ఫోను దగ్గర ఉండి తీరాలి. ఉంటే అంకె చూసి ప్లగ్గు పీకేసేవారు. ఆయన్ని లోపలి గదిలో కట్టిపడేసిన ఫోను పదకొండూ ముప్పై తొమ్మిదికి వచ్చింది. తొమ్మిది నిమిషాలు నడిచింది. ఆ వివరాలు టెలిఫోను ఆఫీసు నుంచి నిన్ననే తెప్పించాను. చేసింది ఆ సెల్‌ఫోను కంపెనీ ఆఫీసులోని ల్యాండ్‌లైను నుంచి. ఆ లైను మీద నలభై మంది పనిచేస్తారు.

"ముట్టుకున్నవన్నీ ఎక్కడివక్కడ పెట్టు తొందరా."

గుమ్మంలో కొలత నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. జుట్టు పూర్తిగా నెరిసింది. పదకొండేళ్ళయింది నేను వాణ్ణి చూసి.

"అనుమతి నా దగ్గరుంది. నీ దగ్గరుందా?"

"అది మా కంపెనీ ఫోను. సాక్ష్యం పాడవుతోందని ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తాను."

"చెయ్యి. వాళ్ళొచ్చేలోపు నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పు. స్పాంజి ఎక్కడ?"

"కాలిపోయింది."

"స్పాంజి కాలితే చెక్కకి అతుక్కుంటుంది. గోకి చూపించు."

వాడు బెంచీ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"డూప్లికేటు బ్యాటరీ అని రాశావు. దీనికి మూడు పట్టీలున్నాయి. లెక్కపెట్టడం నీ దగ్గరే నేర్చుకున్నాన్రా నేను."

"వేడికి ఏవేవో అతుక్కుంటాయి. నువ్వు ఇన్సూరెన్సు వాళ్ళ కోసం కాలిన గోడౌన్లు చూసుకునేదానివి. బ్యాటరీల సంగతి నీకేం తెలుసు? పాతికేళ్ళుగా వేడి మీదే పనిచేస్తున్నాను నేను."

"అందుకే అడుగుతున్నా. ఇది చూడు." నోటు పుస్తకం తెరిచి వాడి ముందు పెట్టాను. చేతిరాత చూడగానే వాడి కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. "కొ-1, కొ-2. కొ అంటే ఏంటి?"

"కొత్తది అయ్యుంటుంది. కొత్త ఫోను."

"రెండూ కొత్తవే అయితే గుర్తెందుకు? ఈ షాపుకొచ్చిన ప్రతి వస్తువు మీదా మాస్టారు ఏం రాసేవారో నువ్వు మర్చిపోయావా? తెచ్చినవాళ్ళ పేరులో మొదటి అక్షరం."

వీధిలో ఎవరో షట్టర్ ఎత్తిన చప్పుడు.

"ఈ ఫోన్లు నువ్వు తెచ్చావు. ఫోన్ చేసిందీ నువ్వే."

కొలత చుట్టూ చూశాడు. కూర్చోవడానికి వెతుకుతున్నాడని అర్థమైంది. పాత స్టూళ్ళలో ఒకటి కాలిపోయింది, ఒకటి మిగిలింది. వాడు దాని మీద కూర్చోలేదు. బెంచీ అంచు పట్టుకుని కిందికి జారి నేల మీద చతికిలబడ్డాడు, ఇస్త్రీ బట్టలతోనే.

"మా వాళ్ళు ఛార్జింగ్ ఇరవై నిమిషాల్లో అయిపోవాలన్నారు," అన్నాడు. "ముందు నలభై పట్టేది. కొత్తగా ఏ పరికరమూ పెట్టలేదు. నెమ్మదించే హద్దుని ముప్పై అయిదు నుంచి నలభై అయిదుకి పెంచారంతే. ఒక్క అంకె మార్చారు. వద్దన్నాను. సెన్సరు అంచున ఉంది, మధ్యలో ఇంకా ఎక్కువుంటుందన్నాను. ల్యాబులో ఏసీ గదిలో కొలిచి, ఏం కాలేదు చూడమన్నారు."

"అందుకని ఇక్కడికి తెచ్చావు."

"ఏసీ లేని గదిలో, రోజుకి నాలుగుసార్లు, నిజం కొలిచే మనిషి ఇంకెవరున్నారే నాకు? మార్చనిది ఒకటి, మార్చింది ఒకటి తెచ్చిచ్చా. బయటికి తేకూడని ఫోన్లు. బల్ల మీద పెట్టగానే ఆయన ఏమన్నారో తెలుసా? 'ఇన్నాళ్ళకి దారి గుర్తొచ్చిందా' అన్నారు. అంతే. తిట్టలేదు. టీ చెప్పారు. నా స్టూలు ఇంకా అక్కడే ఉంది."

మిగిలిన స్టూలు వైపు చూసి, వాడు ముఖం తుడుచుకున్నాడు.

"మంగళవారం పన్నెండింటికి మా మీటింగు. అంకె కావాలి నాకు. ఆ అంకె చూపించి ఆపిద్దామనుకున్నా. పదకొండూ ముప్పై తొమ్మిదికి చేశా. 'ఛార్జింగ్ నడుస్తోందిరా, నాలుగు నిమిషాలాగు, చూసొచ్చి చెప్తా' అన్నారు. నేనాగలేదు. నిన్నటి అంకె చెప్పండి, మొన్నటిది చెప్పండి, అంచున ఎంత, మధ్యలో ఎంత... ఒక్కొక్కటీ అడుగుతూనే ఉన్నా. నేనడిగితే ఆయన కాదనరు కదా. గుర్తు తెచ్చుకుని చెప్తూనే ఉన్నారు. చప్పుడు నాకు ఫోనులో వినబడింది తొందరా. ఆయన కేక కూడా."

టైలరు కుట్టుమిషను అవతల ఆగింది. చెక్క పలక గుండా అతనూ వింటున్నాడు.

"వినబడినవాడివి ఆ రిపోర్టెలా రాశావురా?"

"మీటింగులో నిజం చెప్పబోయా. టెస్టు ఫోన్లు బయటికి తీసుకెళ్ళిన దొంగవి నువ్వు, జైలుకి పోతావన్నారు. ముసలాయన ఎలాగూ బతకడన్నారు. డూప్లికేటు బ్యాటరీ అని రాస్తే అందరికీ మంచిదన్నారు." తల వంచుకున్నాడు. "రాశాను."

కోపం రావాల్సింది నాకు. వచ్చింది కూడా. కానీ దాంతోపాటు ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు కళ్ళ ముందు మెదిలాడు. కస్టమరు రేడియో కింద పడేసి నేను ఏడుస్తుంటే, "నా చెయ్యి తగిలింది మాస్టారూ" అని ముందుకొచ్చినవాడు. ఆ కుర్రాడు, ఈ మనిషి ఒకరే.

"మాస్టారు బతికే ఉన్నారు," అన్నాను. "లే. ఇంకో రిపోర్టు రాయి. నీ చేత్తో, ఇప్పుడే. మధ్యాహ్నం కల్లా పోలీసులకిస్తే ఆయన మీద కేసు పోతుంది. అంతటితో అయిపోతుంది."

కొలత తలెత్తాడు. ఆ చూపులో భయం నా గురించి కాదు, కేసు గురించీ కాదు.

"అయిపోదు. నీకింకా అర్థం కాలేదు. ఆ రిపోర్టు మాస్టారి మీద కేసు కోసం రాయించుకున్నారనుకుంటున్నావా? పేలింది మా హద్దు వల్ల కాదని ఇంజనీరు సంతకం ఉంటేనే ఆ మార్పు బయటికి వదలొచ్చు. నా సంతకం మీదే వదిలారు."

"ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున పది గంటలకి. అప్‌డేటు రూపంలో. మా ఫోను వాడే ప్రతి ఒక్కరికీ. నాలుగు లక్షల ఫోన్లు. రాత్రే తెలిసింది. ఆ కాలిన బ్యాటరీ పట్టుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టి ఆపిద్దామని వచ్చా. నువ్వున్నావు. నిన్ను చూసి మళ్ళీ అబద్ధమే నోట్లోంచి వచ్చింది."

టైము చూసుకున్నాను. పదకొండూ అయిదు.

"కొ-2 కొత్త ఫోను," అన్నాను నెమ్మదిగా. "దానికి నలభై ఒక్కసారి పట్టింది."

"అవును. ఆ నాలుగు లక్షల్లో సగం రెండేళ్ళు, మూడేళ్ళు వాడినవి. బ్యాటరీలు ఇప్పటికే ఉబ్బినవి. వాటికి ఎన్నిసార్లు పడుతుందో ఎవరూ కొలవలేదు. ఒకటో సారే చాలొచ్చు."

వాడు తన ఫోను తీసి ఆఫీసుకి కలిపాడు. నేను స్పీకరు నొక్కాను. రెండుసార్లు మోగి, ఆడగొంతు మర్యాదగా చెప్పింది. ఈ ఉద్యోగిని పొద్దున తొమ్మిదింటికే ఉద్యోగంలోంచి తీసేశారట, ఈ నంబరు ఇక పనిచెయ్యదట. దయచేసి గుర్తింపు కార్డు గేటు దగ్గర అప్పగించమంది. కొలత మెడలోని కార్డుని చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

నేను నోటు పుస్తకంలో ఖాళీ పేజీ తెరిచి, పెన్ను వాడి చేతిలో పెట్టి, అగ్నిమాపక కేంద్రంలో నాకు తెలిసిన అధికారికి ఫోన్ కలుపుతున్నాను. అప్పుడే చెక్క పలక అవతల నుంచి టైలరు గొంతు వినిపించింది.

"అక్కా... మాదీ ఆ కంపెనీ ఫోనే. పొద్దున ఏదో అప్‌డేటు అడిగితే సరే అని నొక్కా. ఇందాకే గుడ్డల మీద ఛార్జింగ్ పెట్టా. ఇప్పుడు చూస్తే వెనక మూత దానంతటదే పైకి లేస్తోంది."